మేకుల నోరు, గమ్ము నోరు

మా పనిలో నోరు మూడో చెయ్యి. ఒక చేత్తో బట్ట లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో సుత్తి పట్టుకోవాలి. మేకు అందించడానికి దేవుడు మరో చెయ్యి ఇవ్వలేదు. అందుకని కుర్చీలకు బట్ట వేసేవాళ్ళం మేకులు నోట్లో వేసుకుంటాం. గోటి పొడవుండే బుల్లి మేకులు, ఒక్కసారికి ఎనిమిది. నాలుకతో ఒక్కోదాన్ని తిప్పి, తల బయటికి వచ్చేలా పెదాల మధ్యకి తోస్తే, సుత్తి మొహానికున్న అయస్కాంతం దాన్ని అందుకుంటుంది. ఒక దెబ్బకి నిలబడుతుంది, రెండో దెబ్బకి దిగుతుంది. కుర్చీకి నలభై ఎనిమిది మేకులు. యాభై రెండేళ్ళుగా నాకిదే పని.

నేను మాట్లాడనని అందరూ అంటారు. మాట్లాడకూడదని కాదు, నోరు ఖాళీ ఉండదు. మా ఆవిడ దీనికి ఒప్పుకోదు. అన్నం తినేటప్పుడు మేకులుండవు కదా, అప్పుడేమొచ్చింది అంటుంది. అప్పుడు ముద్ద ఉంటుంది.

మా అల్లుడు దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. పన్నెండేళ్ళు ఒక బీమా ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చున్నాడు. అద్దానికి ఒక కంత, కంతకి ఇటు అతను, అటు లోకం. ఎవరు ఏమడిగినా నవ్వుతూ జవాబు చెప్పడమే ఉద్యోగం. ఆ ఆఫీసు మూసేశారు. కౌంటరు పోయింది గాని, నవ్వూ జవాబూ పోలేదు. వాటితోనే మా దుకాణానికి వచ్చాడు.

అమ్మాయి పెళ్ళికి ముందునించీ నా దగ్గరే పని చేస్తోంది. కిటికీ పక్కన మిషను దాని చోటు. నేను కత్తిరించిన బట్టకి అంచు కుట్టి ఇవ్వడం దాని పని. అది కుట్టిన అంచు మీద స్కేలు పెట్టి గీత గీసుకోవచ్చు. ఒకరోజు మిషను ఆపకుండానే చెప్పింది.

"ఆయనకి గోదాములో ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది నాన్నా. రైల్లో రెండు రోజుల దూరం. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇక్కడ ఆయన చెయ్యి కుదిరితే ఉంటాం. కుదరకపోతే వెళ్ళిపోతాం."

నోట్లో మేకులున్నాయి. తలూపాను. ఆ రోజు బట్ట రెండుసార్లు వంకరగా కత్తిరించాను.

అల్లుడి చెయ్యి చెడ్డది కాదు. బలం ఉంది, ఓపికుంది. చెడ్డదల్లా వీధి. మా దుకాణానికి వీధి వైపు గోడ లేదు, పైకెత్తే రేకు తలుపే. పోయే ప్రతివాడూ ఏదో ఒకటి అడుగుతాడు. బస్సు వెళ్ళిపోయిందా, పళ్ళ డాక్టరు ఎక్కడ, ఈ వీధి చివర దారుందా. నేనైతే తల తిప్పను. అల్లుడు సుత్తి కింద పెట్టి, లేచి నిలబడి, బస్సు వెళ్ళిపోయిందనీ, మళ్ళీ ఎప్పుడొస్తుందో, అది రాకపోతే ఏది ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడుగుతాడు. వెనక్కి వచ్చేసరికి పదమూడో మేకు కొట్టాడో ముప్పై ఒకటోదో తెలీదు. ఒకచోట రెండు మేకులు పక్కపక్కన కాపురం పెడతాయి. ఇంకోచోట బెత్తెడు ఖాళీ.

నోట్లో మేకులు వేసుకోమని మొదటివారమే చెప్పాను. వేసుకున్నాడు. అంతలో కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన టైమెంతైందని అడిగాడు. అల్లుడు జవాబు చెప్పాడు. మేకులు కూడా జవాబుతోపాటే వెళ్ళాయి. ఆయన కళ్ళద్దాలు గట్టిగా పట్టుకుని రోడ్డు అవతలికి వెళ్ళిపోయాడు, టైము వినకుండానే. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి మేకులేం నానుతాయి. ఆనాటినించీ అల్లుడు మేకులు సాసరులో పోసుకుని, ఒక్కో మేకుకీ ఒక్కోసారి వంగి లేస్తున్నాడు.

వేరేవాడైతే ఒక మొట్టికాయతో పోయేది. అల్లుడికి మొట్టికాయ వెయ్యలేం. "ఇంకోసారి బాబూ" అనేవాణ్ణి. అతను "తప్పకుండా మామయ్యగారూ" అని మేకులు పీకేవాడు.

ఇలా ఉండగా సినిమా హాలు మేనేజరు వచ్చాడు. పట్టపగలు కూడా చేతిలో టార్చిలైటు లేకుండా ఆయన్ని ఎవరూ చూళ్ళేదు. అందుకని వీధిలో అందరూ ఆయన్ని టార్చి అనే అంటారు, ఎదురుగా తప్ప. హాల్లో మూడు వందల సీట్లకి బట్ట మార్చాలట. ముందు వరస పన్నెండు సీట్లు విప్పి పంపిస్తాను, అవి నచ్చితే మిగతావన్నీ మీకే అన్నాడు. ఎర్రబట్ట, మధ్యలో పసుపు చార. ఆ చార మొదటి సీటు నించి పన్నెండో సీటు దాకా వంకర లేకుండా పోవాలి. మూడు వందల సీట్లంటే ముగ్గురికీ చేతినిండా పని. గోదాముకి ఉత్తరం రాసేయొచ్చు. పన్నెండింటిలో ఆరు నేను చేస్తాననీ, ఆరు అల్లుడు చేస్తాడనీ పంచాను. నేనే పన్నెండూ చేస్తే టార్చికి నచ్చేవి, కాని అమ్మాయి అడిగింది నా చెయ్యి గురించి కాదు.

చూయింగ్ గమ్ సంగతి అప్పుడు మొదలైంది. అల్లుడు ఫోన్లో ఏదో చదివాడు. గమ్ము నములుతూ పని చేస్తే మనసు చెదరదని ఎవరో పరీక్షలు పెట్టి చెప్పారట. మా అందరికీ పైకి చదివి వినిపించాడు. నిజాయితీ గల మనిషి, కిందనున్నది కూడా చదివాడు. ఇంకొకరు పరీక్ష పెడితే ఏ తేడా కనబడలేదట. మరొకరు పెడితే కాసేపు పనిచేసి, ఆ తర్వాత మామూలేనట. బీమా కాగితం షరతులతో సహా చదివినట్టు చదివాడు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విని, "గేదె పొద్దస్తమానం నెమరేస్తూనే ఉంటుంది. అది ఏ పరీక్ష పాసైంది బాబూ?" అంది.

"గేదెకి ఎవరూ పరీక్ష పెట్టలేదు కదత్తయ్యా" అన్నాడు అల్లుడు మర్యాదగా.

పెదాల మధ్యకి ఒక మేకు తోసి సుత్తికి అందించాను. మనసు చెదరకుండా ఉండడానికి మాకు ఇదుంది కదా అని నా ఉద్దేశం.

అమ్మాయికి లెక్క ప్రకారం లేనిదేదీ నచ్చదు. బట్ట మీద గీతలు గీసే సుద్దతో గోడ మీద రెండు గళ్ళు గీసింది. ఒకటి గమ్ము ఉన్న రోజు, ఒకటి లేని రోజు. సాయంత్రం సీటు తిప్పి చూసి ఎన్ని తప్పులుంటే అన్ని గీతలు. మొదటి రోజు గమ్ము లేదు, ఏడు గీతలు. రెండో రోజు ఉంది, రెండే గీతలు. మూడో రోజు లేదు, అయిదు. నాలుగో రోజు ఉంది, ఒకటి. అల్లుడు గోడ ముందు నిలబడి దాన్ని ఫోటో తీసుకున్నాడు. మా ఆవిడ, ఆ రెండు రోజులూ వాన కురిసింది, వీధిలో పురుగు లేదు, గమ్ము గొప్పా వాన గొప్పా అని అడిగింది. అయిదో రోజు ఎండ కాసింది, గమ్ము కూడా ఉంది. ఆరు గీతలు పడ్డాయి. పొద్దున్న వేసుకున్నదే సాయంత్రం దాకా నమిలానని అల్లుడు ఒప్పుకున్నాడు. తీపి పోయాక నమిలినదాన్ని ఏ గడిలో వెయ్యాలో తెలియక అమ్మాయి మూడో గడి గీసింది.

ఒకటి మాత్రం చెప్పాలి. నమలడం అయిపోయాక అతను గమ్ముని ఎక్కడా పారెయ్యడు. అది చుట్టివచ్చిన కాగితంలోనే మళ్ళీ చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. కౌంటరు దగ్గర చెత్తబుట్ట ఉండేది కాదట. బట్టలు ఉతికే రోజున అమ్మాయి జేబులోంచి ఆ ఉండలు తీసి వరసగా పేర్చి, అతని వైపు చూసేది.

ఇప్పుడు నా సంగతి. చెప్పుకోవలసిన సంగతి కాదు.

ఆ మధ్య నా లెక్క కూడా తప్పుతోంది. ఎవరూ చూళ్ళేదు. నా నాలుగో సీటులో ఇరవైకీ ఇరవై రెండుకీ మధ్య ఒక మేకు లేదు. యాభై రెండేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. గుట్టుగా ఒకటి కొట్టేసి ఊరుకున్నాను గాని, మనసులో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. నా చెయ్యి జారుతుంటే, అల్లుడి చెయ్యి కుదరకపోతే, ఇక దుకాణంలో ఎవరున్నట్టు?

ఆ మర్నాడు మధ్యాహ్నం అందరూ లోపల భోజనాల దగ్గరున్నారు. నేను ముందే తిని వచ్చేశాను. అల్లుడి అయిదో సీటు బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. పక్కన గమ్ము పొట్లం. వీధి వైపు చూశాను, లోపలి వైపు చూశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను.

ముందు పుదీనా ఘాటుకి ముక్కు శుభ్రపడింది. తర్వాత దవడలు వాటంతటవే ఆడడం మొదలుపెట్టాయి. బాగానే ఉందనిపించింది. నా ఆఖరి సీటు ముందుకు లాక్కుని సుత్తి తీశాను. అప్పుడు నా ఎడమ చెయ్యి, నన్ను అడక్కుండా, ఎనిమిది మేకులు తీసి నోట్లో వేసింది. యాభై రెండేళ్ళ అలవాటు. చేతికేం తెలుసు లోపల ఇంకొకరు కాపురమున్నారని.

నాలుకతో ఒక మేకు తిప్పబోయాను. రాలేదు. ఇంకోదాన్ని తిప్పబోయాను. అదీ రాలేదు. బెల్లం మీద ఈగల్లా ఎనిమిదీ గమ్ముకి అంటుకుపోయాయి. మింగలేను, ఉమ్మలేను. వేళ్ళు పెట్టి మొత్తం ముద్ద బయటికి లాగి, మేకులు ఒక్కోటీ పీకడం మొదలుపెట్టాను. ఏడు వచ్చాయి. ఎనిమిదోది లోపల ఎక్కడో దాక్కుంది. అంతలో బయట టార్చి స్కూటరు ఆగింది. ఎల్లుండి వస్తానన్న మనిషి ఇవాళే వచ్చాడు. లోపలినించి మా ఆవిడ చెప్పుల చప్పుడు. చేతిలో ముద్ద. దగ్గర్లో ఉన్నదల్లా బోర్లా పడుకున్న అల్లుడి సీటు. దాని అడుగు చెక్కకి అంటించేశాను. టార్చి వెళ్ళాక తీసేద్దామని. ఏడు మేకులూ, సాసర్లోంచి ఇంకొకటీ గబగబా నోట్లో వేసుకుని, ఏమీ ఎరగనట్టు సుత్తి ఆడించాను.

టార్చి సరాసరి పని దగ్గరికే వచ్చాడు. భోజనాల దగ్గరనించి అందరూ వచ్చారు. అల్లుడు చెయ్యి కడుక్కుని, వస్తూ వస్తూనే అలవాటు కొద్దీ ఒక గమ్ము నోట్లో వేసుకున్నాడు. అప్పటికి పది సీట్లు పూర్తయ్యాయి, నా ఆఖరుదీ అతని ఆఖరుదీ మిగిలాయి. పదీ టార్చి నేల మీద వరసగా పెట్టించాడు. అల్లుడి అయిదో సీటుని అమ్మాయే, అడుగు చూడకుండా, గబగబా తిప్పి వరసలో పెట్టింది. టార్చి ఒక కొసన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, చార పొడుగునా లైటు వేశాడు. చార తిన్నగా పోయింది. ఇందులో ఏవి మీవి, ఏవి మీ అల్లుడివి అని అడిగాడు. అడగాల్సి వచ్చిందంటేనే తేడా లేదన్నమాట. అమ్మాయి మొహంలోకి రంగొచ్చింది. ఆదివారం నించి మిగతా సీట్లు వంద చొప్పున పంపిస్తానని టార్చి అనేశాడు కూడా.

అని, లేస్తూ లేస్తూ మొదటి సీటుని తిరగేశాడు.

నా సుత్తి ఆగింది. ఆయన చెప్పుకుపోతున్నాడు. హాల్లో ఏ సీటు తిప్పినా అడుగున గమ్మేనట. సోమవారం సోమవారం ఇద్దరు మనుషులు చాకులు పట్టుకుని మూడు వందల సీట్ల కిందా గోకుతారట. జనం సినిమా చూడ్డానికొస్తారో గమ్ము అంటించడానికొస్తారో తనకి తెలీదట. అందుకని ఎక్కడ కుర్చీ కనబడినా తిప్పి చూడడం అలవాటైపోయిందట. చుట్టాలింటికెళ్ళినా సరే. చెబుతూ రెండోది తిప్పాడు, మూడోది తిప్పాడు. తొమ్మిదో సీటు దగ్గర మాట ఆగిపోయింది.



"సీటింకా హాల్లోకి రానేలేదు" అన్నాడు టార్చి, చాలా నెమ్మదిగా. "అప్పుడే అంటించారు."

అందరూ అల్లుడి వైపు చూశారు. అతని దవడ ఆడుతోంది. ఆగింది.

"ఇది అంటించినవాళ్ళెవరో, వాళ్ళు నా సీట్ల మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఒక్క మేకు కూడా కొట్టడానికి వీల్లేదు. మేస్త్రీ, మీరొక్కరే చేస్తానంటే చెప్పండి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మూతి మీదకి వెళ్ళింది. ఎవరూ గమనించలేదు. అల్లుడు వంగి సీటు అడుగు చూశాడు. టార్చి లైటు వెలుగులో గమ్ము ముద్దలోంచి సన్నగా ఏదో మెరిసింది. అతను దాన్ని చూశాడు. జేబు తడిమి చూసుకున్నాడు, ఉండలు ఉన్నాయి. తర్వాత ఒక్కసారి నా వైపు చూశాడు. అంతే. నిటారుగా నిలబడి, కౌంటరు నవ్వు మొహాన పెట్టుకున్నాడు.

"క్షమించండి సార్. పొరపాటైంది."

పన్నెండేళ్ళు ఆఫీసు చేసిన తప్పులన్నిటికీ ఆ కంతలోంచి అతనే క్షమించమన్నాడు. ఎవరి తప్పని ఏ రోజూ చెప్పలేదు. అలవాటు.

అమ్మాయి మిషను దగ్గరికెళ్ళి కూర్చుంది. కుట్టలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తోంది. మా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. నోటినిండా మేకులు. ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టరు. నేను మాట్లాడనని ఊరందరికీ తెలుసు. మూడు వందల సీట్లూ నాకే వస్తాయి. వాళ్ళిద్దరూ రైలెక్కుతారు. కిటికీ దగ్గర మిషనుంటుంది, చప్పుడుండదు.

అరచెయ్యి చాచి మేకులు ఒక్కొక్కటే ఉమ్మాను. ఎనిమిది. తొందరపడితే నాలుక తెగుతుంది. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఆఖరిది వచ్చాక చెప్పాను.

"అది నాది."

టార్చి నవ్వాడు. "అల్లుణ్ణి వెనకేసుకొస్తున్నారా మేస్త్రీ. మీరెందుకు నములుతారు?"

"దాన్లో మేకుంది చూడండి. అతను మేకులు నోట్లో వేసుకోడు. సాసర్లో పెట్టుకుంటాడు."

ఏడాది మొత్తం మీద నేను ఆయనతో అన్ని మాటలు అనుండను. టార్చి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పటకారు అడిగాడు. అల్లుడే అందించాడు. లైటు వేసి లాగితే, సాగి సాగి, మేకు బయటికొచ్చింది. టార్చి దాన్ని ఎత్తి పట్టుకుని చూశాడు. సాసరు చూశాడు. నా అరచెయ్యి చూశాడు.

మా ఆవిడ గుమ్మంలోంచి, "అయితే గేదె నెమరేసిందన్నమాట" అంది.

అమ్మాయి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఇటునించి తెలీలేదు. భుజాలు మాత్రం ఊగాయి.

టార్చి మాట మీద నిలబడే మనిషి. అదే చిక్కు. అంటించినవాళ్ళు తన సీట్ల మీద చెయ్యి వెయ్యకూడదన్నాడు, అన్న మాట అన్నదే. నా వయసు చూసి కాస్త తగ్గుతాడేమోననుకున్నాను, మేకు కొట్టే దగ్గర మాత్రం తగ్గలేదు. తొమ్మిదో సీటు ఎవరు చేశారని అడిగాడు. అల్లుడని చెప్పాను. దాని మేకుల మీద వేలు పెట్టి చుట్టూ నడిపించాడు. గమ్ము తప్ప వంక పెట్టడానికేం లేదన్నాడు. సుత్తి అల్లుడే పట్టాలి, నేను పాత బట్ట విప్పుకోవచ్చు, కొత్తది కత్తిరించుకోవచ్చు, మేకుల జోలికి మాత్రం పోకూడదు. అది ఒప్పందం. నా ఆఖరి సీటు కూడా అల్లుడే పూర్తి చేశాడు. గోదాముకి ఉత్తరం ఆ సాయంత్రమే అమ్మాయి రాసింది. తప్పులు లేకుండా రాసి, నాకు చదివి వినిపించింది.

గమ్ము వల్ల మనసు నిలుస్తుందా అని ఇప్పుడు కూడా ఎవరైనా అడుగుతారు, ఈ కథ వీధంతా తెలిసిపోయింది కాబట్టి. గోడ మీద లెక్క తేలలేదు. వంద సీట్లు వచ్చిపడ్డాక అమ్మాయికి గీతలు గీసే తీరిక లేకపోయింది. గమ్ము ఉన్న రోజూ లేని రోజూ పని సాగింది. నేను చూసింది ఒకటే. గమ్ము నోట్లో ఉన్నప్పుడు ఎవరైనా బస్సు గురించి అడిగితే, అల్లుడు జవాబు చెప్పడు. నోట్లో ఏదైనా పెట్టుకుని పెద్దమనుషులతో మాట్లాడడం మర్యాద కాదని అతనికి కౌంటరు దగ్గర నేర్పారట. సుత్తితో బస్టాపు వైపు చూపించి మళ్ళీ మేకు మీదకి వచ్చేస్తాడు. గమ్ము పని మెదడులో కాదు, గుమ్మంలో.

నాకు మాత్రం కొత్త ఇబ్బంది వచ్చిపడింది. పాత బట్ట విప్పడానికి పటకారు చాలు. మేకులు అక్కర్లేదు. నోరు ఖాళీ. యాభై రెండేళ్ళనించి లోపలున్నదంతా ఒక్కోటీ బయటికి రావడం మొదలైంది. మూల దగ్గర బట్ట ఎలా మడవాలో, నాకు పని నేర్పినాయన ఎలా మడిచేవాడో, ఆయన గురువు ఇంకెలా మడిచేవాడో చెప్పుకుపోతున్నాను. అల్లుడు మర్యాదస్తుడు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే సుత్తి ఆపి వింటాడు. మొన్న అలా వినివిని, సీటు వైపు తిరిగి, పదహారో మేకా ఇరవై ఆరోదా అని తడుముకోవడం మా ఆవిడ కంటపడింది.

ఆమె చేతిలో పని పక్కన పెట్టి వచ్చింది. బల్ల మీద పొట్లంలోంచి ఒకటి తీసి, కాగితం ఒలిచి, నా అరచేతిలో పెట్టింది.

"నోట్లో వేసుకో. ఆ అబ్బాయిని పని చేసుకోనీ."

వేసుకున్నాను. ఆమె ఒలిచిన కాగితం చాచి పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. ఎందుకో అర్థం కావడానికి కాస్సేపు పట్టింది.

కాగితం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను.